చతురంగపు సంఖ్య – పాఠనిర్ణయం: పావులూరి గణితంలోని ఒక పద్యంపై పరిశీలన

ఉపోద్ఘాతం

ప్రాచీన తెలుగు కావ్యాల పరిష్కరణలో సంపాదకుని తీర్పును తప్పని నిరూపించడం కష్టం. రెండు తాళపత్ర ప్రతులు రెండు పాఠాలను చూపినప్పుడు ఛందస్సు, వ్యాకరణం, అర్థౌచిత్యం, కవి ప్రయోగశైలి ఆధారంగా ఒకదానిని స్వీకరిస్తాం, రెండవదానిని అధోజ్ఞాపికలోకి పంపుతాం. ఆ నిర్ణయం ఎంత పాండిత్యంతో చేసినదైనా చివరకు అభిప్రాయమే. శాస్త్రగ్రంథాలలో, ముఖ్యంగా గణితగ్రంథాలలో, పరిస్థితి ఇందుకు భిన్నం. అక్కడ పద్యం చెప్పే సంఖ్యకు పద్యం వెలుపల కూడా ఉనికి ఉంటుంది. ప్రతులన్నీ నశించినా ఆ సంఖ్యను మళ్లీ లెక్కగట్టవచ్చు. ఏ లేఖకుని చేతికీ అందని సాక్షి అది.

తెలుగు శాఖలలో మనం ఈ సాక్షిని దాదాపుగా పిలవలేదు. పావులూరి మల్లన పేరు సాహిత్యచరిత్ర ప్రశ్నపత్రాలలో ఒక మార్కు ప్రశ్నగా కనిపిస్తుంది. ‘తెలుగులో తొలి గణితగ్రంథకర్త ఎవరు?’ అన్న ప్రశ్నకు జవాబు రాసిన విద్యార్థి ఆ గ్రంథంలోని ఒక్క పద్యాన్నైనా చదివి ఉండడు. అధ్యాపకులమూ చాలావరకు అంతే. గణితం మన పరిధి కాదని మనం, తెలుగు పద్యం తమ పరిధి కాదని గణితశాఖవారు వదిలేసిన చోట ఆ గ్రంథం నిలిచిపోయింది. మల్లన రచనలోని ఒకే ఒక పద్యాన్ని, అందులోని ఇరవై అంకెల సంఖ్యను తీసుకుని, సంఖ్యాధర్మాలు పాఠనిర్ణయానికి ఎంతవరకు తోడ్పడతాయో ఈ వ్యాసంలో పరిశీలిస్తున్నాను. సంఖ్యను వాక్యంలో భద్రపరచే పద్ధతికి మరొక ఉదాహరణ కరీంనగర్ ప్రాంతంలోనే, గంగాధరలో ఉంది. దానిని చివర పోల్చి చూస్తాను.

మల్లన, మహావీరుడు

పావులూరి గణితానికి మూలం మహావీరాచార్యుని గణితసారసంగ్రహం. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలంలో, సుమారు క్రీ.శ. 850 ప్రాంతంలో వెలువడిన సంస్కృత గ్రంథమిది. మహావీరుడు జైనుడు. దీనిని ఎం. రంగాచార్య ఆంగ్లానువాదంతో 1912లో మద్రాసులో ప్రకటించారు. మల్లన శైవుడు. మూలంలోని జైన ప్రస్తావనల చోట శైవ ప్రస్తావనలు చేర్చి, శాస్త్రభాగాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. పిఠాపురం సమీపంలోని నవఖండవాడ అగ్రహారాన్ని రాజరాజనరేంద్రుని వలన పొందినది ఈ కవియా, అదే పేరుగల ఇతని తాతయా అన్న చర్చ ఉంది. తాతయే అన్న పక్షం నాకు సబబుగా తోస్తుంది. ఆ లెక్కన కవి కాలం పదకొండవ శతాబ్ది చివర, పన్నెండవ శతాబ్ది ఆరంభం అవుతుంది. శ్రీరాముల రాజేశ్వర శర్మ 1987లో ఈ గ్రంథంపై ప్రత్యేకవ్యాసం ప్రకటించి దీనిని గణితచరిత్రకారుల దృష్టికి తెచ్చారు. ఆ పని తెలుగు శాఖలలో మొదలు కాకపోవడం గమనించదగినది.

పెద్ద సంఖ్యల పట్ల మహావీరునికి ప్రత్యేకమైన మక్కువ. గుణకార ప్రకరణంలో అతడిచ్చిన లెక్కలు కొన్ని హారాల వంటివి. 2,79,94,681ని 441తో గుణిస్తే 12,34,56,54,321 వస్తుంది. ఒకటి నుండి ఆరు వరకు ఎక్కి మళ్లీ ఒకటికి దిగే వరుస. 1,52,207ను 73తో గుణిస్తే ఎనిమిది ఒకట్లు. 14,28,57,143ను ఏడుతో గుణిస్తే రెండు చివరల ఒకట్లు, నడుమ అన్నీ సున్నలు. వీటిని రాజుల కంఠాభరణాలతో పోల్చి చెప్పడంలో కవిత్వమూ ఉంది, మరొక ప్రయోజనమూ ఉంది. గుణకారంలో ఎక్కడ పొరపాటు చేసినా హారం పోలిక చెడుతుంది. జవాబు రూపమే జవాబుకు పరీక్ష. శిష్యుడు గురువును అడగనక్కరలేదు. మల్లన పద్యం ఈ తరహాదే అయినా, అందులోని సంఖ్యకు ఇలాంటి కంటికి కనిపించే పోలిక లేదు. దాని క్రమం లోపల ఉంది.

చతురంగ ఫలకంపై మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇలా ప్రతి గడికీ రెట్టింపు చేస్తూ పోతే అరవైనాలుగు గళ్లలో మొత్తం ఎన్ని? ఇది ఆ కాలానికి పలుదేశాలలో తిరిగిన లెక్క. క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బిరూనీ తన కాలగణన గ్రంథంలో దీనిని సాధించాడు. మల్లన పద్యంలో చెప్పిన మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615. రెండును అరవైనాలుగు సార్లు వేసి గుణించగా వచ్చినదానికి ఇది ఒకటి తక్కువ.

పేరు పెట్టడం

ఇంత సంఖ్యను తెలుగులో ఎలా పలకాలి? ద్రావిడ భాషలలో వెయ్యికి దేశిపదం ఉన్నది తెలుగుకు మాత్రమే. తమిళ కన్నడాలు సంస్కృత ‘సహస్ర’ భవాలతో సరిపెట్టుకున్నాయి. వెయ్యి దాటితే మనకూ లక్ష, కోటి అనే అరువు పదాలే. ఈ అరువు కిందికి కూడా నడిచింది. ఆదిలాబాదు అడవులలో, దానిని ఆనుకున్న మహారాష్ట్ర ప్రాంతంలో కొలాములు మాట్లాడే కొలామీలో ఒకటి నుండి నాలుగు వరకే సొంత సంఖ్యావాచకాలు. అయిదు నుండి పది వరకు తెలుగు నుండి తీసుకున్నవని ఎమెనో 1955లో ప్రకటించిన కొలామీ వ్యాకరణం చూపింది. దీనిని బట్టి కొలాములకు లెక్క తెలియదనుకోవడం, లక్షకు దేశిపదం లేదు గనుక తెలుగువారికి లక్ష తెలియదనుకోవడం వంటిదే. సంతలో ఎవరితో బేరమాడితే వారి అంకెలు వస్తాయి. శాస్త్రంలో ఎవరి గ్రంథం చదివితే వారి స్థానాల పేర్లు వస్తాయి.

మహావీరుడు ఏకం నుండి మహాక్షోభం వరకు ఇరవైనాలుగు స్థానాలకు పేర్లు పెట్టాడు. ఆ పట్టికలో ఇరవయ్యవది మహాశంఖం. అంటే చతురంగపు సంఖ్యను ఒక మహాశంఖం, ఎనిమిది శంఖాలు, నాలుగు మహాక్షోణులు అని మొదలుపెట్టి చెప్పుకుంటూ పోవచ్చు. స్థానాల పేర్లు సరిపోతాయి, పైన ఇంకా నాలుగు మిగులుతాయి కూడా. కాని వృత్తపద్యంలో ఇరవై స్థానాలకూ ఇరవై పేర్లు, ఇరవై అంకెలు పట్టవు. అందుకే మల్లన భూతసంఖ్యా పద్ధతిని ఎన్నుకున్నాడు. ఇందులో స్థానం పేరు చెప్పనక్కరలేదు. అంకెకు బదులుగా ఆ లెక్కలో లోకప్రసిద్ధమైన వస్తువు పేరు చెబుతారు. చంద్రుడు ఒకటి, అగ్నులు మూడు, వేదాలు నాలుగు, బాణాలు అయిదు, ఆకాశం సున్న. చెప్పే క్రమం ఒకట్ల స్థానం నుండి మొదలై ఎడమవైపుకు నడుస్తుంది.

ఆరు వర్గాలు

అరవైనాలుగు గళ్లను ఒక్కొక్కటిగా రెట్టించి కూడుకుంటూ పోవడం ఓపికకు పరీక్షే. మహావీరుని గ్రంథంలోని గుణోత్తరశ్రేఢి సూత్రం దగ్గరి దారి చూపుతుంది. పింగళుని ఛందశ్శాస్త్రం నాటి నుండి తెలిసిన దారి ఇది. పదాల సంఖ్యను సగం చేస్తూ పోవాలి. సరిసంఖ్య సగమైనచోట వర్గం, బేసి వచ్చినచోట గుణకారం. 64 ఆరుసార్లు సగమై ఒకటికి చేరుతుంది. కాబట్టి రెండుతో మొదలుపెట్టి ఆరుసార్లు వర్గం చేస్తే చాలు: 4, 16, 256, 65,536, 4,29,49,67,296, చివరకు ఇరవై అంకెల సంఖ్య. అందులోంచి ఒకటి తీసివేయాలి. బిరూనీ చెప్పిన పద్ధతి కూడా వర్గాల మీదుగానే నడుస్తుంది. ఛందస్సులో గురులఘువుల ప్రస్తారాన్ని లెక్కించడానికి పుట్టిన సూత్రమే చతురంగపు గింజలను లెక్కించి, ఆ జవాబు మళ్లీ వృత్తంలో కూర్చుంది. తెలుగు చదివినవారికి ఇందులో పరాయిదేమీ లేదు.

ఈ ఆరు వర్గాలే ఆ సంఖ్య లోపలి క్రమాన్ని బయటపెడతాయి. ఒక వర్గం నుండి ఒకటి తీసివేస్తే మిగిలేది, మూలానికి ఒకటి కలిపినదానిని ఒకటి తీసివేసినదానితో గుణించగా వచ్చే ఫలం. ఈ విభజనను ఆరుసార్లు చేస్తే చతురంగపు సంఖ్య 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297ల లబ్ధమని తేలుతుంది. వర్గం చేసిన ప్రతి సంఖ్యకూ ఒక్కటి కలిపితే వచ్చినవే ఈ కారణాంకాలు. మొదటి అయిదూ ప్రధానసంఖ్యలు. ఈ వరుసలోనివన్నీ ప్రధానసంఖ్యలే అయి ఉంటాయని ఫ్రాన్సుకు చెందిన ఫెర్మా 1640లో ఊహించాడు. ఆరవదాన్ని 641 భాగిస్తుందని ఆయిలర్ 1732లో చూపాడు. రెండవ కారణాంకం 67,00,417. మల్లనకు ఈ విభజన తెలుసునని నేను అనడం లేదు, దానితో నాకు పనీ లేదు. ఈ సంఖ్యను 17 శేషం లేకుండా భాగిస్తుందన్నది మల్లనకు తెలిసినా తెలియకపోయినా నిజం. పరిష్కర్తకు కావలసింది అదే.

ఛందస్సు పట్టలేనిది

పద్యం చంపకమాల. అంకెలను సూచించే పదాలు మొదటి రెండు పాదాలను నింపి మూడవ పాదం ఆరంభానికి వస్తాయి. ప్రాసాక్షరం రేఫం. మొదటి పాదం అయిదుతో మొదలవుతుంది, అక్కడ కవి వాడినది ‘శర’ శబ్దం. యతిస్థానంలో వచ్చినదీ అయిదే, అక్కడ మాత్రం ‘సాయక’ శబ్దం. రెండూ బాణపర్యాయాలే, శకార సకారాలకు యతిమైత్రి కుదిరింది. సంఖ్యలో అంకెలు ఎక్కడ పడాలో కవి చేతిలో లేదు. పదకొండవ అక్షరం దగ్గర ఏ అంకె వస్తుందో దానికి పర్యాయపదం వెతుక్కోవడమే అతని పని. ఇలా కట్టిన పద్యంలో పదం మారితే యతో ప్రాసో దెబ్బతిని లేఖకుని తప్పు బయటపడుతుందని సాధారణంగా అనుకుంటాం.

అది సగమే నిజం. ఇదే పాదంలో ‘చంద్ర’, ‘రంధ్ర’ శబ్దాలున్నాయి. మొదటిది ఒకటి, రెండవది తొమ్మిది. రెండింటికీ గురువు, లఘువు. రెండూ యతిప్రాసలకు దూరంగా ఉన్నాయి. ఒకదాని చోట మరొకటి రాసినా, రెండింటినీ తారుమారు చేసినా చంపకమాల చెక్కుచెదరదు. ‘అగ్ని’ చోట ‘అబ్ధి’ పడినా అంతే: మూడు నాలుగవుతుంది, గణం మారదు. ఛందస్సు పదం ఆకారాన్ని కాపాడుతుంది గాని విలువను కాపాడదు.

పదం సరిగా ఉన్నప్పుడు కూడా విలువలో సందేహానికి చోటుంది. సముద్రాలు భూతసంఖ్యలో నాలుగు. సప్తసముద్రాల కథలు వింటూ పెరిగిన తెలుగు పాఠకుడు ఏడు అనుకుంటాడు, ఆ వాడుక శాస్త్రంలోనూ అక్కడక్కడ కనిపిస్తుంది. ఈ పద్యంలో సముద్రవాచకాలు రెండున్నాయి. ‘రంధ్ర’ శబ్దం శరీరంలోని నవరంధ్రాల వలన తొమ్మిదికి, వట్టి కన్నం అన్న అర్థంలో సున్నకూ చెల్లింది. పరిష్కర్త ఏది తీసుకోవాలి?

శేషాల పరీక్ష ఇక్కడ అక్కరకు వస్తుంది. తొమ్మిదితో సరిచూడడం భారతీయ గణితంలో పాతదే. రెండవ ఆర్యభటుని మహాసిద్ధాంతంలో ఉంది. రెండు యొక్క ఆరవ ఘాతం 64. తొమ్మిదితో భాగిస్తే శేషం 1. కాబట్టి అరవయ్యవ ఘాతానికీ శేషం 1, మిగిలిన నాలుగుసార్లకు 16, దాని శేషం 7. ఒకటి తీసివేస్తే 6. చతురంగపు సంఖ్యలోని అంకెల మొత్తం 87. తొమ్మిదితో భాగించగా శేషం 6. సరిపోయింది. సముద్రాలలో ఏదో ఒకదాన్ని ఏడుగా తీసుకుంటే మొత్తం 90, శేషం సున్న. రెండింటినీ ఏడుగా తీసుకుంటే 93, శేషం 3. రెండూ తప్పు. మల్లనకు సముద్రాలు నాలుగేనన్నది ఇక అభిప్రాయం కాదు.

కాని రంధ్రం దగ్గర ఈ పరీక్ష గుడ్డిది. తొమ్మిదిని తీసి సున్న పెడితే మొత్తం 78, శేషం మళ్లీ 6. తొమ్మిదికీ సున్నకూ తేడా తెలియని పరీక్ష ఈ సందేహాన్ని తీర్చలేదు. చంద్ర, రంధ్ర శబ్దాలు తారుమారైనా అంకెల మొత్తం మారదు గనుక అదీ కనబడదు. పదకొండుతో చూడాలి. రెండు యొక్క పదవ ఘాతం 1024, పదకొండుతో శేషం 1. అందువలన అరవైనాలుగవ ఘాతానికి 16 యొక్క శేషం 5, ఒకటి తీసివేస్తే 4. ఇక సంఖ్యలో ఒకట్ల స్థానం నుండి అంకెలను ఒకటి కలుపుతూ ఒకటి తీస్తూ పోతే 37 వస్తుంది, దాని శేషం కూడా 4. రంధ్రాన్ని సున్న చేస్తే 28, శేషం 6. తారుమారు చేస్తే 21, శేషం 10. రెండు తప్పులూ దొరికాయి. ఏ ఒక్క అంకె మారినా, పక్కపక్కనున్న రెండు వేర్వేరు అంకెలు చోట్లు మార్చుకున్నా పదకొండు పరీక్షకు దొరకక తప్పదు. పదిహేడు పరీక్షా అటువంటిదే.

కంప్యూటరు రెప్పపాటులో మొత్తం సంఖ్యనే ఇస్తున్నప్పుడు ఇదంతా ఎందుకని అడగవచ్చు. చతురంగపు సంఖ్య 64 బిట్ల యంత్రంలో ఇమిడే గరిష్ఠ పూర్ణసంఖ్య కూడా. ప్రోగ్రామరుకు అది నిత్యపరిచితం. పరిష్కర్త యంత్రాన్ని వాడుకోవలసిందే. అయితే ఈ సంఖ్య ఎలా నిలిచిందన్నది చరిత్రకు సంబంధించిన ప్రశ్న. యంత్రం లేని తొమ్మిది వందల ఏళ్లలో తాళపత్రం మీద పద్యాన్ని దిద్దుకోవాలనుకున్న పాఠకుని చేతిలో ఏ సాధనాలున్నాయి, వాటికి ఏ తప్పులు అందుతాయి, ఏవి అందవు అన్నది తెలిస్తేనే ఏ ప్రతి పాఠాన్ని ఎంత నమ్మాలో తెలుస్తుంది.

పురుగు తిన్న పదం

ఒక ఊహ చేద్దాం. రెండవ పాదం చివర, మూడవ పాదం మొదట ఉన్న పదాన్ని పురుగు తినేసిందనుకుందాం. అది పందొమ్మిదవ అంకె. మిగిలిన పందొమ్మిది అంకెలను పదకొండు పరీక్షకు పెడితే 29 వస్తుంది, శేషం 7. కావలసిన శేషం 4. ఏడుకు ఎంత కలిపితే పదకొండు మీద నాలుగు మిగులుతుంది? ఎనిమిది, మరేదీ కాదు. పోయిన అంకె దొరికింది. పోయిన పదం ఇంకా దొరకలేదు. ఎనిమిదికి వసువులున్నారు, నాగులున్నాయి, దిగ్గజాలున్నాయి.

ఇక్కడ బరువు ఛందస్సు మీద పడుతుంది. రెండవ పాదం చివర ఒక గురువు కావాలి. మూడవ పాదం రెండవ అక్షరం ప్రాసరేఫం. కాబట్టి గురువుతో మొదలై, నడుమ ఒక లఘువుతో, రేఫంతో ముగిసే పదం కావాలి. వసు, గజ, కరి, దంతి శబ్దాలు తొలగిపోయాయి. ఏనుగుకు వాడుకలో ఉన్న పర్యాయాలలో కుంజరం, సింధురం మిగిలాయి. మూడవ పాదం యతిస్థానంలో జకారం ఉంది. సింధురంలోని ధుకారం దానితో మైత్రి చెందదు. కుంజరంలోని జకారం చెందుతుంది. ముద్రిత పాఠంలో ఉన్నది ‘కుంజర’ శబ్దమే.

ఇందులో గణితం ఒక్కటే చేసినదీ, ఛందస్సు ఒక్కటే చేసినదీ లేదు. అంకెను శేషం ఇచ్చింది, అక్షరాన్ని యతిప్రాసలిచ్చాయి. రెండు శాఖల మధ్య గోడకు అటు ఒకరు ఇటు ఒకరు కూర్చుంటే పోయిన పదం పోయినట్లే ఉంటుంది. శాస్త్రగ్రంథాల పరిష్కరణను పరిశోధనాంశంగా తీసుకునే విద్యార్థికి లక్షణగ్రంథాలతో పాటు ఈ మాత్రపు అంకగణితం నేర్పడం పెద్ద భారం కాదని నా అభిప్రాయం.

గంగాధర తిథి

రాష్ట్రకూటుల నీడలో జైన విద్య వర్ధిల్లిన మరొక చోటు వేములవాడ చాళుక్యుల సీమ. రెండవ అరికేసరి ఆస్థానంలో పంపకవి 941 ప్రాంతంలో కన్నడంలో విక్రమార్జునవిజయం రాశాడు. అతని తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల బొమ్మలగుట్ట మీద సంస్కృత, కన్నడ, తెలుగు భాషలు మూడింటిలో శాసనం వేయించాడు; అందులోని తెలుగు కందపద్యాలు మన సాహిత్యచరిత్రకు తెలిసినవే. కన్నడసీమలో పుట్టిన జైనగ్రంథాన్ని శైవుడైన తెలుగు కవి చేపట్టడం, ఈ మూడు భాషల వాతావరణాన్ని చూసినవారికి వింతగా తోచదు. ఆ సీమలోనే, నేటి కరీంనగర్ జిల్లా గంగాధరలో, సోమదేవసూరి యశస్తిలకాన్ని ముగించాడు.

ఆ గ్రంథాంతగద్యలో రచనాకాలం ఉంది. శకవర్షం ఎనిమిది వందల ఎనభై ఒకటి గడిచిందని మాటలలో చెప్పి, అంకెలలో అని సూచిస్తూ 881 అని మళ్లీ ఇచ్చి, సిద్ధార్థి సంవత్సరం, చైత్రమాసం, త్రయోదశి అని చేర్చాడు. గద్యం గనుక సోమదేవునికి చోటు ఇరుకు కాలేదు. మల్లన యతిప్రాసలకు అప్పగించిన కాపలాను అతడు పునరుక్తికి అప్పగించాడు. మాటలు చెడితే అంకెలున్నాయి, అంకెలు చెడితే మాటలున్నాయి.

రెండూ చెడితే సంవత్సరం పేరుంది. అది కూడా శేషమే. గతశకవర్షానికి 12 కలిపి 60తో భాగిస్తే మిగిలినది ప్రభవాది వరుసలో సంవత్సరం సంఖ్య. 881కి 12 కలిపితే 893, శేషం 53. యాభై మూడవది సిద్ధార్థి. మన పెద్దవాళ్లు ఎరిగిన 1979 ఉగాది కూడా సిద్ధార్థే. 959 నుండి 1979కి 1020 ఏళ్లు, అంటే సరిగ్గా పదిహేడు ఆవృత్తులు.

మల్లన సంఖ్యకూ దీనికీ ఒక తేడా ఉంది. చతురంగపు సంఖ్యను ఎవరైనా ఎప్పుడైనా తిరిగి కట్టగలరు. 881ని కట్టలేరు. అది జరిగిన సంగతి, లెక్క కాదు. అరవై శేషం 821కీ, 941కీ కూడా సిద్ధార్థినే ఇస్తుంది. వాటిని తోసిపుచ్చేది అదే గద్యలోని మరొక మాట: అప్పుడు కృష్ణరాజు పాండ్య, సింహళ, చోళ, చేరులను జయించి మేల్పాటిలో విడిసి ఉన్నాడు. రాష్ట్రకూట మూడవ కృష్ణుడు 939 నుండి 967 వరకు ఏలాడు. ఆ ఇరవై ఎనిమిదేళ్లలో సిద్ధార్థి ఒక్కసారే వచ్చింది.